ఇంగ్లీషులో వేగం చెప్పే మాటలు

తెలుగులో "త్వరగా" అనే మాట ఒక్కటే చాలా పనులు చేస్తుంది. "పెళ్ళికి త్వరగా రండి" అంటే ముహూర్తానికి ముందే రమ్మని. "జ్వరం త్వరగా తగ్గాలి" అంటే ఇంకెన్నో రోజులు పట్టకూడదని. "త్వరగా నడు" అంటే అడుగు వేగం పెంచమని. "త్వరగా తినేసి రా" అంటే ఆ పని కొద్దిసేపట్లో ముగించమని. సందర్భాన్ని బట్టి ఏ అర్థమో వినేవారికి తెలిసిపోతుంది. ఇంగ్లీషు ఈ నాలుగు చోట్లా నాలుగు వేర్వేరు మాటలు వాడుతుంది. అనుకున్న వేళకు ముందే రావడం "ఎర్లీ". కొద్దికాలంలో జరగడం "సూన్". కదలిక వేగంగా ఉండడం "ఫాస్ట్". పని తక్కువ సేపట్లో అయిపోవడం "క్విక్". పెళ్ళికి పిలుస్తూ "కమ్ ఫాస్ట్" అంటే బండిని వేగంగా తోలుకుంటూ రమ్మన్నట్టు అవుతుంది. అక్కడ కావలసింది "కమ్ ఎర్లీ". ఇలా మాట మారినప్పుడు వ్యాకరణం తప్పినట్టు కనిపించదు. అర్థం మాత్రం పక్కదారి పడుతుంది. అందుకే వేగాన్ని చెప్పే ఇంగ్లీషు మాటల్ని నేర్చుకునేటప్పుడు వాటి పుట్టుకను, వాడుకను కలిపి చూడాలి.

ఈ మాటల్లో తెలుగువారి నోట ఎక్కువగా వినబడేది "ఫాస్ట్". దీని తొలి అర్థానికీ వేగానికీ సంబంధమే లేదు. వెయ్యేళ్ళ కిందటి ప్రాచీన ఇంగ్లీషులో ఈ మాటకు గట్టిగా, కదలకుండా, స్థిరంగా అని అర్థం. ఆ అర్థం నేటికీ బతికే ఉంది. బట్టల కొట్టులో చీర మడత విప్పి పరుస్తూ, "ఫాస్ట్ కలరండీ, ఎన్నిసార్లు ఉతికినా దిగదు" అని కొట్టు మనిషి అంటాడు. అప్పుడు అతని నోట పలికేది ఆ పాత అర్థమే. బట్టను గట్టిగా పట్టుకుని ఉండే రంగు అది. ఒళ్ళు తెలియని గాఢనిద్రను "ఫాస్ట్ అస్లీప్" అంటారు. సీటుబెల్టు బిగించుకోవడం "ఫాసన్". రాసేటప్పుడు ఈ మాట మధ్యలో "టి" అక్షరం వస్తుంది గానీ పలికేటప్పుడు వినబడదు. ఉపవాసానికి "ఫాస్ట్" అనే పేరు కూడా ఇక్కడిదే. నియమాన్ని గట్టిగా పట్టుకోవడమే ఉపవాసం. రాత్రి నుంచి సాగిన ఆ ఉపవాసాన్ని విడిచే ఆహారం కనుక పొద్దుటి ఫలహారం "బ్రేక్‌ఫాస్ట్" అయింది. గట్టితనం వేగంగా ఎలా మారిందో తెలుగు చెవికి సులభంగానే అందుతుంది. "గట్టిగా లాగు", "గట్టిగా తొక్కు" అన్నప్పుడు గట్టితనం బలమవుతుంది. సైకిలును గట్టిగా తొక్కితే అది వేగంగా పోతుంది. "ఫాస్ట్" నడిచిన దారి కూడా ఇదే.

"క్విక్" మొదటి అర్థం ప్రాణంతో ఉన్నది అని. గోటి కింద ముట్టుకుంటేనే జివ్వుమనే పచ్చి మాంసానికి నేటికీ "క్విక్" అనే పేరు. గోరు మరీ లోపలికి కత్తిరిస్తే తగిలేది అక్కడే. మనసుకు లోతుగా తగిలిన మాటను "కట్ టు ద క్విక్" అనడం దాన్నుంచే వచ్చింది. పాదరసాన్ని ఇంగ్లీషువారు "క్విక్‌సిల్వర్" అన్నారు, అంటే ప్రాణమున్న వెండి. పళ్ళెంలో పోస్తే ఒకచోట నిలవక ఉరుకుతుంది కనుక ఆ పేరు. చురుకైన మనిషిని తెలుగువారు పాదరసంతో పోల్చడంలోనూ ఇదే చూపు ఉంది. ఊబి ఇసుకకు "క్విక్‌శాండ్" అని పేరు. కాలు పెట్టగానే ప్రాణమున్నట్టు కదిలి లోపలికి లాగుతుంది అది. ప్రాణమున్నది కదులుతుంది, కదిలేది చురుగ్గా ఉంటుంది. అలా "క్విక్" వేగానికి మాట అయింది.

"ఫాస్ట్", "క్విక్" మధ్య తేడా క్రికెట్ వ్యాఖ్యానంలో తేటగా వినిపిస్తుంది. చేతినుంచి వదిలిన బంతి గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వెళ్ళితే ఆ ఆటగాడు "ఫాస్ట్ బౌలర్". బంతి ఫీల్డరు చేతికి అందేలోగా తీసిన ఒక్క పరుగు "క్విక్ సింగిల్". మొదటిదానిలో కొలత కదలిక వేగానిది, రెండోదానిలో పట్టిన కాలానిది. రైలు, కారు, గుర్రం "ఫాస్ట్" అవుతాయి. స్నానం, జవాబు, ఒక చూపు "క్విక్" అవుతాయి. కొన్ని చోట్ల రెండూ చెల్లుతాయి. పాఠం వెంటనే పట్టేసే విద్యార్థిని "ఫాస్ట్ లెర్నర్" అనవచ్చు, "క్విక్ లెర్నర్" అనీ అనవచ్చు. అయితే "ఫాస్ట్" విశేషణంగానూ క్రియావిశేషణంగానూ రూపం మార్చుకోకుండానే నిలుస్తుంది. అతను "రన్స్ ఫాస్ట్" అనాలి. "ఫాస్ట్లీ" అనే మాట నేటి ఇంగ్లీషులో లేదు. "క్విక్" పక్కన "క్విక్లీ" ఉన్నది కదా అని అదే పద్ధతిలో దీన్ని తయారుచేయడం భారతీయ విద్యార్థుల రాతలో తరచు కనిపించే పొరపాటు.

"ర్యాపిడ్" లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలంలో ఉన్నది పట్టి లాక్కుపోవడం. కొండల మధ్య రాళ్ళ మీద విరుచుకుపడుతూ పడవను లాగేసే నదీభాగాన్ని "ర్యాపిడ్స్" అనడంలో ఆ భావం నిలిచి ఉంది. మనిషి నడకకు ఈ మాట అంతగా నప్పదు. మార్పుకు, పెరుగుదలకు, ఒకదాని వెంట ఒకటిగా జరిగే వాటికి నప్పుతుంది. జనాభా పెరుగుదల, గుండె కొట్టుకోవడం, కొద్ది నిమిషాల్లో ఫలితం తేల్చే రోగపరీక్ష, ఇవన్నీ "ర్యాపిడ్". "స్విఫ్ట్" స్వచ్ఛమైన ఇంగ్లీషు మాట. అందులో తడబాటు లేని, నున్నటి వేగం ఉంటుంది. రెక్క అలుపెరగకుండా గాలిలోనే తిరిగే ఒక చిన్న పక్షికి ఇదే పేరు. అధికారులు ఆలస్యం చేయకుండా చర్య తీసుకుంటే అది "స్విఫ్ట్ యాక్షన్".

"స్పీడ్" ప్రాచీన ఇంగ్లీషులో జయం, సమృద్ధి అనే అర్థాలున్న మాట. ప్రయాణమయ్యేవారికి "గాడ్‌స్పీడ్" అని చెబితే, దేవుడు పని సఫలం చేయాలని దీవించినట్టు. తెలుగు ఇళ్ళలో గుమ్మం దాకా వచ్చి "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అని సాగనంపడం వంటిదే అది. ఆ శుభకామన ఛాయ "స్పీడీ రికవరీ" అనే మాటలో ఇంకా ఉంది. జబ్బుపడిన వారికి ఇంగ్లీషులో ఇలాగే కోరతారు. "ఫాస్ట్ రికవరీ" అంటే అర్థమవుతుంది గానీ అందులో దీవెన లేదు. నడకకు ప్రత్యేకంగా "బ్రిస్క్" అనే మాట ఉంది. వైద్యులు సిఫారసు చేసే "బ్రిస్క్ వాక్"కు వారే ఒక గుర్తు చెబుతారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఊపు ఉండాలి. జవాబుకు, చెల్లింపుకు "ప్రాంప్ట్" వస్తుంది. అందులో ఉన్నది జాగు లేకపోవడం.

వేగం ఒకటి, తొందర మరొకటి. వేగం కదలికది, తొందర మనసుది. తొందరను చెప్పే మాటల్లో ముఖ్యమైనవి "హర్రీ", "హేస్ట్", "రష్". "హర్రీ" 16వ శతాబ్ది చివర రాతలోకి వచ్చింది. వేళ మించిపోతోందన్న ఆదుర్దా అందులో ఉంటుంది. "హర్రీ అప్" ఆజ్ఞలాంటి మాట. పిల్లలతో, సావాసగాళ్ళతో చెల్లుతుంది. పెద్దవారితో, పరాయివారితో అంటే తెలుగులో పెద్దాయనను "ఊఁ, కానీ కానీ" అన్నంత మొరటుగా వినిపిస్తుంది. తొందరలో ఉన్నానని చెప్పడానికి "ఇన్ ఎ హర్రీ" అనాలి. తెలుగులో ఆర్టికల్ లేదు కనుక మధ్యలోని "ఎ" జారిపోయి "ఇన్ హర్రీ" అనడం చాలామందికి అలవాటు. ఆ చిన్న అక్షరం లేనిదే పలుకుబడి పూర్తికాదు.

"హేస్ట్" గ్రాంథిక ఛాయ ఉన్న మాట. తొందరపాటు వల్ల పని చెడుతుందనే హెచ్చరిక దీని చుట్టూ అల్లుకుని ఉంది. "హేస్ట్ మేక్స్ వేస్ట్" అనే సామెత చెప్పేది "నిదానమే ప్రధానం" అనే తెలుగు మాట చెప్పేదే. "క్విక్ డెసిషన్" అంటే వెంటనే తీసుకున్న నిర్ణయం, అది మెచ్చుకోలు కావచ్చు. "హేస్టీ డెసిషన్" అంటే ఆలోచించకుండా తీసుకున్నది, అది ఎప్పుడూ తప్పుపట్టడమే. పట్టిన సమయం రెండింటికీ ఒకటే కావచ్చు. తీర్పు మాత్రం విశేషణంలోనే ఉంది.

"రష్" ఫ్రెంచి మూలం నుంచి వచ్చిన మాట. శత్రువును వెనక్కు తరమడం దాని పాత అర్థం. అందుకే అందులో ఒత్తిడి, తోపులాట వినిపిస్తాయి. 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికాక, మరుసటి ఏడు నలుమూలల నుంచి జనం అక్కడికి ఎగబడడాన్ని "గోల్డ్ రష్" అన్నారు. ప్రమాదంలో గాయపడినవారిని హుటాహుటిన ఆసుపత్రికి చేరిస్తే, ఇంగ్లీషు పత్రిక "వాజ్ రష్డ్ టు హాస్పిటల్" అని రాస్తుంది. "హుటాహుటిన" అనే మాటకు ఇంతకంటే దగ్గరి ఇంగ్లీషు లేదు. తెలుగులో "రష్" మరో అడుగు వేసింది. "బస్సు రష్‌గా ఉంది", "గుడిలో రష్" అంటే జనసమ్మర్దం. ఇంగ్లీషులో "రష్ అవర్" అనే జంటలో ఆ భావం ఉంది గానీ, కిక్కిరిసిన బస్సును "క్రౌడెడ్" అనాలి. "రష్డ్" అంటే తొందర తొందరగా ముగించిన పని అని ఇంగ్లీషు చెవి వింటుంది.

ఇక పరుగును చెప్పే క్రియలు. ఇక్కడ రెండు భాషల అల్లికలోనే తేడా ఉంది. కదలికను చెప్పేటప్పుడు కొన్ని భాషలు ఎలా కదిలారో క్రియలో పెడతాయని, కొన్ని ఏ దారిన కదిలారో క్రియలో పెడతాయని అమెరికా భాషాశాస్త్రవేత్త లెనర్డ్ టాల్మీ 1985లో విడమరిచి చూపాడు. ఒక పిల్లవాడు బంతి వెంట వీధికి అడ్డంగా పరుగెత్తాడనుకుంటే, ఇంగ్లీషు "డాష్డ్ అక్రాస్ ద స్ట్రీట్" అంటుంది. ఎలా అన్నది "డాష్" అనే క్రియలో ఉంది. ఏ దారిన అన్నది "అక్రాస్" అనే చిన్న మాటలో ఉంది. తెలుగు అదే సంగతిని "గబుక్కున పరుగెత్తి వీధి దాటాడు" అని చెబుతుంది. వాక్యాన్ని ముగించే క్రియ "దాటాడు", అంటే దారి. ఎలా అన్నది "గబుక్కున" అనే ధ్వన్యనుకరణలో ఉంది. తెలుగుకు ఈ ధ్వనుల సంపద అపారం. పిచ్చుక తుర్రుమంటుంది, బాణం రివ్వున పోతుంది, పాము జరజరా పాకుతుంది, లేడి చెంగున దూకుతుంది, మనిషి గబగబా, బిరబిరా, చకచకా నడుస్తాడు. తెలుగు పరుగు పక్కన ధ్వనిని చేర్చి బొమ్మ గీస్తే, ఇంగ్లీషు ప్రతి బొమ్మకూ ఒక క్రియను తయారుచేసుకుంది. ఇంగ్లీషులో "రన్ ఫాస్ట్" అని మాత్రమే రాస్తే తప్పేమీ లేదు, కానీ బొమ్మ కనబడదు.

ఆ క్రియలన్నిటికీ తల్లివంటిది "రన్". ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు తొలి కూర్పు 1928లో పూర్తయినప్పుడు అందులో అతిపెద్ద పదవివరణ "సెట్" అనే క్రియది. కొత్త కూర్పు పనిలో ఆ స్థానాన్ని "రన్" తీసుకుంది. ఒక్క క్రియగానే దీనికి 645 అర్థాలు తేలాయి. నిఘంటుకారుడు పీటర్ గిలివర్‌కు ఈ ఒక్క మాటను తేల్చడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఇంగ్లీషులో నది "రన్" అవుతుంది, జలుబు చేసిన ముక్కు "రన్" అవుతుంది, ఉతికినప్పుడు దిగిపోయే రంగూ "రన్" అవుతుంది. ఇందాకటి "ఫాస్ట్ కలర్"కు సరిగ్గా ఎదురు మాట ఇదే. తెలుగు ఈ చోట్ల పరుగు తీయదు. నీరు పారుతుంది, ముక్కు కారుతుంది, రంగు దిగుతుంది. సంస్థను, బడిని, దుకాణాన్ని ఇంగ్లీషువారు "రన్" చేస్తే తెలుగువారు నడుపుతారు. ఇంగ్లీషు బస్సు "రన్" అవుతుంది, తెలుగు బస్సు నడుస్తుంది. ఇంగ్లీషు పరుగెత్తే చోట తెలుగు నడుస్తుందన్న ఈ ఒక్క సంగతి గుర్తుంటే అనువాదంలో ఎన్నో తప్పులు తప్పుతాయి.

"స్ప్రింట్" కొద్ది దూరం శక్తినంతా ఒడ్డి తీసే పరుగు. దాని మూలంలో గెంతడం ఉంది. మైదానంలో 100, 200, 400 మీటర్ల పందేలకు ఈ పేరు. 2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో జమైకా ఆటగాడు ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పూర్తిచేశాడు. సగటున గంటకు 37 కిలోమీటర్లకు పైమాటే. మారథాన్ పరుగును ఎంత వేగంగా పరుగెత్తినా "స్ప్రింట్" అనరు. చివరి కొన్ని మీటర్లలో మిగిలిన బలమంతా పెట్టినప్పుడు మాత్రం అంటారు.

"డాష్" మొదటి అర్థం బలంగా కొట్టడం, విసిరి తాకించడం. అలలు బండరాళ్ళకు "డాష్" కొడతాయి, ఆశలు "డాష్" అయిపోతాయి. గుర్రపు బళ్ళ కాలంలో గుర్రం డెక్కలు చిమ్మే బురద బండి తోలేవారి మీద పడకుండా ముందు ఒక పలక బిగించేవారు. ఆ పలక పేరు "డాష్‌బోర్డు". గుర్రాలు పోయి కార్లు వచ్చినా పేరు నిలిచింది. "వెనకనుంచి బండి డాష్ ఇచ్చింది" అనే తెలుగు వాడుకలో ఇంగ్లీషు పాత అర్థం చెక్కుచెదరకుండా ఉంది. అక్కడినుంచే "డాష్" ఒక్క ఊపున దూసుకుపోయే పొట్టి పరుగుకు క్రియ అయింది.

"డార్ట్", "బోల్ట్" రెండూ ఆయుధాల పేర్లు. "డార్ట్" అంటే చేత విసిరే చిన్న ఈటె. గోడ మీద కదలకుండా ఉన్న బల్లి పురుగు కనబడగానే చటుక్కున ముందుకు ఉరికితే అది "డార్ట్". "బోల్ట్" అంటే బరువైన మొన ఉన్న పొట్టి బాణం. బెదిరిన గుర్రం పట్టు తప్పించుకుని పారిపోవడం "బోల్ట్". నమలకుండా అన్నం గబగబా మింగేయడం కూడా అదే. గుర్రం "బోల్ట్" అయ్యాక సాలకు తలుపు వేసినట్టు అనే ఇంగ్లీషు సామెతను తెలుగువారు "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు" అంటారు. జమైకా ఆటగాడి ఇంటిపేరు ఈ క్రియతో కలిసిరావడం ఇంగ్లీషు పత్రికలకు ఎన్నో శీర్షికలు ఇచ్చింది.

చిన్న జంతువుల పరుగుకు వేరే మాటలున్నాయి. ఎలుక చిన్నచిన్న అడుగులతో కంగారుగా పరుగెత్తితే "స్కర్రీ". పీత పక్కవాటుగా పోతే "స్కటిల్". కుక్కపిల్లలు, పిల్లలు ఆటగా పరుగెడితే "స్కాంపర్". గుర్రపు నడకలకు నాలుగు పేర్లు: "వాక్", "ట్రాట్", "క్యాంటర్", "గ్యాలప్". క్రమంగా వేగం పెరుగుతుంది, డెక్కల తాళమూ మారుతుంది. "ట్రాట్" రెండు దెబ్బల తాళం, "క్యాంటర్" మూడు దెబ్బలది. 1170లో హత్యకు గురైన థామస్ బెకెట్ సమాధిని చూడడానికి క్యాంటర్‌బరీకి యాత్రికులు గుర్రాల మీద ఒడుదుడుకులు లేని మధ్యరకం పరుగుతో వెళ్ళేవారు. ఆ ఊరి పేరు తెగి "క్యాంటర్" అయింది. "గ్యాలప్"కు తెలుగులో దౌడు ఉండనే ఉంది. అమరకోశం కూడా గుర్రపు నడకలను ధౌరితకం, ప్లుతం వంటి పేర్లతో ఐదు ధారలుగా విడగొట్టింది. గుర్రాలతో బతికిన సమాజాలన్నీ వాటి వేగాన్ని ఇలా మెట్లుగానే విన్నాయి.

పరుగు అని తెలియకుండానే రోజూ నోట నానే మాటలూ ఉన్నాయి. లాటిన్‌లో పరుగెత్తడానికి "కుర్రెరె" అని క్రియ. తీగలో పారేది "కరెంటు". ఉత్తరం మోసుకొచ్చేది "కొరియర్". చేతినుంచి చేతికి తిరిగేది "కరెన్సీ". కంప్యూటరు తెర మీద ముందుకు సాగే గుర్తు "కర్సర్". సాగవలసిన చదువు దారి "కోర్సు". వీటన్నిటిలో ఆ పరుగే ఉంది. ఉద్యోగ జీవితానికి వాడే "కెరీర్" నేరుగా ఆ క్రియ నుంచి కాక, బండి నడిచే బాట అనే అర్థం నుంచి వచ్చింది. అదే మాట క్రియగా మారినప్పుడు అదుపు తప్పి దూసుకుపోవడం అని అర్థం.

రోజువారీ మాటల్లో ఒకదాని చోట మరొకటి సర్దుకుపోయినా శాస్త్రంలో కుదరదు. భౌతికశాస్త్రంలో "స్పీడ్" కదలిక పరిమాణం మాత్రమే చెబుతుంది, "వెలాసిటీ" దిశను కూడా కలిపి చెబుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని వడి అని, రెండోదాన్ని వేగం అని పేరుపెట్టాయి. 400 మీటర్ల వలయాన్ని 80 సెకన్లలో చుట్టి బయలుదేరిన చోటికే వచ్చిన విద్యార్థి సగటు వడి సెకనుకు 5 మీటర్లు. ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడే ఆగాడు కనుక అతని సగటు వేగం సున్న. ఆ వేగం కాలంతో పాటు మారే రేటు "యాక్సిలరేషన్". దీనికి తెలుగు పుస్తకాలు ఎంచుకున్న పేరు త్వరణం. ఇంట్లో నాలుగు అర్థాలను ఒంటిచేత్తో మోసిన "త్వర", తరగతి గదిలో ఒకే ఒక్క అర్థానికి కట్టుబడి, ఒక్క ఇంగ్లీషు మాటకే సరిపోలే పారిభాషిక పదమై నిలిచింది.